పద్మిని రన్నింగ్ బోర్డు తుప్పు: నలభై వేలలో రేకు పని చేయించిన నా అనుభవం

పాత కారుకు తుప్పు పట్టింది, చేతిలో డబ్బు తక్కువ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అనే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. మాది చిత్తూరు. కారు 1985 మోడల్ ప్రీమియర్ పద్మిని, మా నాన్న కొన్నది, ఇప్పటికీ మూడక్షరాల పాత నంబరే. ఇంజను బాగుంది, గేర్లు బాగున్నాయి, పెయింటు కూడా నాలుగడుగుల దూరం నుంచి చూస్తే పర్వాలేదు. కిందికి వంగి చూస్తే మాత్రం గుండె జారిపోతుంది. నేను ఖర్చు పెట్టగలిగింది నలభై వేలు. ఆ నలభై వేలల్లో ఏ పని చేయించాను, ఏది వద్దనుకున్నాను, ఎందుకు వద్దనుకున్నాను అనేది చెబుతా.

ముందు కారు సంగతి కొంచెం తెలియాలి. ఫియట్ 1100 డిలైట్ అని 1964లో బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండే 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. లారీకి, జీపుకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడుగునా పోయే బోలు రన్నింగ్ బోర్డులు, మధ్యలో పొడుగునా ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్, ఇవన్నీ కలిసే బరువు మోస్తాయి. వెనక లీఫ్ స్ప్రింగులు బిగించేది కూడా ఈ రేకుకే. అందుకని ఈ బండికి రన్నింగ్ బోర్డు తుప్పు పట్టిందంటే అది అందం సమస్య అనుకోకండి, బండి నడుము సమస్య. మడ్‌గార్డు మీద బుడగ వస్తే రెండేళ్లు ఆగొచ్చు, రన్నింగ్ బోర్డుకు ఆగకూడదు. తక్కువ డబ్బున్నవాళ్లు ఈ తేడా తెలుసుకుంటే చాలు, సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి.

మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే రోజుల తరబడి ముసురు విడవదు. అలాంటి ముసురులో ఒకసారి డ్రైవరు సీటు ముందు కార్పెట్ కాలికి చల్లగా తగిలింది. ఎత్తి చూస్తే దాని కింద ఉన్న మందపాటి ఫెల్టు నీళ్లు పీల్చుకుని బరువెక్కిపోయి ఉంది, చేత్తో పిండితే ఎర్రటి నీళ్లు కారాయి. కంపెనీ వాళ్లు శబ్దం రాకుండా వేసిన ఫెల్టు అది. ఒకసారి తడిసిందంటే వాన వెలిసి నెలైనా లోపల ఆరదు. బయట ఎండ మండిపోతున్నా రేకు మాత్రం తడిగుడ్డ కప్పుకుని పడుకున్నట్టే ఉంటుంది. ఇనుముకు నీళ్లు, గాలి రెండూ అందితే చాలు తుప్పు పడుతుంది, ఆ రెండూ అక్కడ పన్నెండు నెలలూ ఉన్నాయి. కాబట్టి పాత కారు ఉన్నవాళ్లు ఈ రాతంతా చదవకపోయినా సరే, వెళ్లి కార్పెట్ ఎత్తి ఫెల్టు మీద చెయ్యి పెట్టి చూడండి.

తర్వాత కారంతా తట్టి చూశాను. దీనికి రెండే వస్తువులు కావాలి, ఒక స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం. పాత స్పీకరు లోంచి తీసిన అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి బాడీ మీద మెల్లగా జరుపుతూ పోతే రేకున్నచోట గట్టిగా పట్టుకుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది. కొన్నేళ్ల కిందట ఒక షెడ్డులో కారుకు పెయింటు వేయించి ఉన్నాం, వాళ్లు ఎక్కడెక్కడ లప్పం మెత్తారో అయస్కాంతం చెప్పేసింది. ఎడమ రన్నింగ్ బోర్డు ముందు భాగంలో జానెడు మేర అసలు పట్టుకోనే లేదు. కింద నుంచి స్క్రూడ్రైవరు పెట్టి కొంచెం నొక్కగానే లోపలికి దిగిపోయింది. పొడిచేటప్పుడు మొహమాటపడొద్దు. పొడిస్తే చిల్లు పడిందంటే అక్కడ అప్పటికే రేకు లేదని అర్థం. అనుమానం ఉన్న ప్రతిచోటా చాక్‌పీసుతో గుండ్రంగా గీసి ఫోన్లో ఫోటోలు తీసుకున్నా, మేస్త్రీలతో బేరం మాట్లాడేటప్పుడు అవి చాలా పనికొచ్చాయి.

బేరాలు తిరుపతిలో కూడా అడిగాను, రేణిగుంట రోడ్డు వైపు రెండు మూడు షెడ్లలో. ఒకాయన మొత్తం విప్పి చేస్తే లక్షా ఇరవై వేలు అన్నాడు, అది న్యాయమైన ధరే కానీ నా దగ్గర లేదు. ఇంకొకాయన ఇరవై అయిదు వేలకు లప్పం పెట్టి పెయింటు కొట్టి కొత్త కారులా ఇస్తానన్నాడు. మరొకచోట చిల్లుల మీద జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న రేకు, పెట్టి రివెట్లు కొట్టి పైన ఫైబర్ వేస్తామన్నారు, అది ఇంకా తక్కువ. చూడటానికి ఈ రెండూ బాగానే ఉంటాయి, కనీసం ఒక సంవత్సరం. లప్పం నీళ్లు పీలుస్తుంది. వెనక వైపు నుంచి తడి తగులుతూ ఉంటే లప్పం ఉబ్బుతుంది, దాని కింద రేకు ఇంకా తొందరగా పోతుంది. రివెట్ కొట్టిన రేకు, కింద పాత రేకు, ఈ రెండింటి మధ్య సందులో నీళ్లు నిలబడి పక్కన బాగున్న రేకును కూడా తినేస్తాయి. ఇక ఫైబర్ ముక్కకు పాత రేకు చేసిన పని చేసే బలం ఎక్కడిది? మాకు ముందు పెయింటు వేసిన షెడ్డువాళ్లు చేసింది ఇదే. తర్వాత రన్నింగ్ బోర్డు కోసినప్పుడు అర అంగుళం మందాన లప్పం పెచ్చు ఊడి వచ్చింది, దాని వెనక చిల్లు మూయడానికి కుక్కిన న్యూస్‌పేపరు ఉండ ఉంది. నల్లగా నాని ముద్దయిపోయి ఉంది. ఆ కాగితాన్ని చూసినప్పుడు వచ్చిన కోపం ఇంకా పోలేదు. ఆ రోజు అదే డబ్బుకు అక్కడ అరచేతి వెడల్పు రేకు ముక్క అతికించి ఉంటే ఇప్పుడు మూడడుగులు కోయాల్సిన పని ఉండేదే కాదు.

చివరికి పని అప్పగించింది చిత్తూరులోనే మురకంబట్టు వైపు ఉండే ఒక పెద్దాయనకు. అంబాసిడర్లు తిరుమల ఘాట్ ఎక్కి దిగే ట్యాక్సీలుగా తిరిగిన రోజుల్లో వాటికి టింకరింగ్ చేసిన మనిషి. కారు చుట్టూ తిరిగి, రన్నింగ్ బోర్డు అడుగున బొటనవేలితో నొక్కుకుంటూ పోయి, లేచి చేతులు దులుపుకుని అన్నాడు: "పెయింటు సంగతి ఇప్పుడు మాట్లాడొద్దు నాయనా. నీళ్లు యాడ నుంచి వస్తాండాయో ముందు జూడు. అది మూయకుండా రేకు కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే." లక్షల మాటలు, కొత్త కారు మాటలు విన్న తర్వాత ఈ ఒక్క మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది. మా ఒప్పందం ఏమిటంటే కోయడం, రేకు వంచడం, వెల్డింగ్ ఆయన పని, దానికి రోజు కూలీ. విప్పడం, గీకడం, తుప్పు తీయడం, ప్రైమర్ కొట్టడం నా పని. మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటే ఎంత తొందరగా అయిపోతే వాళ్లకు అంత మిగులు, అక్కడే లప్పం డబ్బా బయటికొస్తుంది. రోజు కూలీ మీద, మనం కూడా పక్కనే ఉండి మురికి పని చేస్తే డబ్బు మిగులుతుంది, పనీ నిలబడుతుంది. నా లెక్కలో ఆయన కూలీ పదిహేను వేల దాకా అయింది, పెద్ద ఖర్చు అదే, అక్కడ ఒక్క రూపాయి కూడా తగ్గించాలని నేను అనుకోలేదు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడం ఒక ఆదివారం పని. సీట్లు, కార్పెట్, ఫెల్టు అన్నీ తీసేసి, మా అమ్మాయిని టార్చిలైటుతో లోపల కూచోబెట్టి, తలుపులు మూసి, నేను బయట నుంచి పైపుతో నీళ్లు వదిలాను. ఒత్తిడితో కొట్టకూడదు, వానలాగే మెల్లగా పారించాలి, అదీ కింద నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి పోస్తే నీళ్లు కిందికి జారుతూ అన్ని సందుల్లోకీ పోతాయి, ఏ సందు దోషమో తేలదు. తలుపుల అడుగు దగ్గర పోశాను, ఏమీ లేదు. తలుపు అద్దాల దగ్గర పోశాను, లోపలికి రాలేదు కానీ తలుపు లోపల నీళ్లు నిలిచిపోయి గలగలమంటున్నాయి. ముందు అద్దం ఎడమ మూల కింద పైపు పెట్టగానే లోపల నుంచి "నాన్నా, ఇక్కడ ఇక్కడ" అని ఒకటే అరుపు. రబ్బరు బీడింగు ఎండిపోయి పగిలిపోయి ఉంది, దాని కింద రేకు అంచు కూడా తుప్పు పట్టి పొరలు లేచింది, నీళ్లు డ్యాష్‌బోర్డు వెనకగా దిగి సరిగ్గా ఫెల్టు మీదికి చేరుతున్నాయి. రెండో దారి బానెట్టు వెనక అంచు కింద ఉండే గాడి. కారు మా ఇంటి వెనక మామిడిచెట్టు కింద ఉంటుంది. చిత్తూరులో మామిడిచెట్టు లేని పెరడు తక్కువ. రాలిన ఆకులు ఆ గాడిలో చేరి కుళ్లి నల్లటి ఎరువైపోయి నీళ్లు పోయే దారిని మూసేశాయి. గుప్పిళ్లతో తీశాను. నీడ కోసం చెట్టు కింద పెట్టుకునేవాళ్లు నెలకోసారి ఆ గాడిలో వేలు పెట్టి చూసుకోవాలి.

తలుపుల్లో నీళ్లు నిలవడానికి కారణం ఇంకా చిన్నది. ప్రతి తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం గీతలోంచి తలుపు లోపలికి నీళ్లు దిగడం మామూలే, ఆ రంధ్రాల నుంచి బయటికి పోతాయి. పాత షెడ్డువాళ్లు అడుగున నల్లటి కోటింగ్ కొట్టినప్పుడు వాటిని మూసేశారు. సైకిలు ఊచతో పొడిస్తే ఒక్కో తలుపు నుంచి లోటాడు నీళ్లు, వాటితోపాటు మట్టి వచ్చింది. 2021 నవంబరులో వానలకు తిరుపతి వీధులు మునిగినప్పుడు కారు అక్కడ మా అక్క వాళ్లింటి ముందు ఉండింది, సగం చక్రం దాకా నీళ్లలో నిలబడింది. ఆ మట్టే ఇది. పైకి కడిగి తుడిచి తెచ్చుకున్నాం కానీ రన్నింగ్ బోర్డు లోపలికి పోయినది ఎవరు కడుగుతారు? కోసి తెరిచినప్పుడు లోపల మెత్తటి ఒండ్రు వేలు మందాన పేరుకుని ఉంది, దాని కింద రేకు అనేది మిగల్లేదు. వరద నీళ్లలో నిలబడిన పాత కారు ఏదైనా సరే బోలుగా ఉన్న భాగాలన్నింట్లోకి పైపు పెట్టి మంచి నీళ్లతో బాగా కడిగి, ఎండలో తలుపులన్నీ తెరిచి ఆరబెట్టాలి. కొత్తగా కొనేవాళ్లు ఈ మట్టి కోసం వెతకాలి.

పని మొదలుపెట్టింది సంక్రాంతి తర్వాత. వానలు అయిపోయి, ఎండలు ఇంకా ముదరని ఆ రెండు మూడు నెలలే మా వైపు ఈ పనికి మంచివి. తేమ ఎక్కువ ఉంటే తుప్పు తీసిన రేకు మీద గంటల్లోనే మళ్లీ పసుపురంగు పొర వస్తుంది. ఏప్రిల్ దాటితే థిన్నర్ గాల్లోనే ఆరిపోయి ప్రైమర్ గరుగ్గా పడుతుంది.

అన్నింటికంటే ముందు బ్యాటరీ విప్పేశాం, వెనక పెట్రోలు ట్యాంకు దింపేసి దూరంగా షెడ్డు బయట పెట్టాం. ట్యాంకు ఖాళీ చేశాం కదా చాలు అనుకోవద్దు, పెట్రోలు కంటే ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం. పక్కన బక్కెట్టు నీళ్లు, తడి గోనెసంచి ఎప్పుడూ ఉండాలి. వెల్డింగ్ వేడికి అవతలి వైపు అంటించిన తారు షీటు కూడా అంటుకుంటుంది. గ్రైండరుకు కప్ బ్రష్ పెట్టి గీకేటప్పుడు దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, కళ్లద్దాలు, చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు లేకుండా గ్రైండరు ఆన్ చేయకండి.

తుప్పు అంతా ఒక రకం కాదు. పై పొర తుప్పు ఎమరీ పేపరుకే పోతుంది. పొరలు పొరలుగా లేచిన తుప్పును ముందు సుత్తితో తట్టి, ఉలితో పెచ్చులు లేపాలి, ఆ తర్వాతే బ్రష్. నేరుగా బ్రష్ పెడితే తుప్పు పాలిష్ పట్టినట్టు నల్లగా మెరుస్తుంది, రేకు బయటపడిందని అనిపిస్తుంది, కానీ గుంటల్లో తుప్పు అలాగే ఉంటుంది. మంచి రేకు వెండిలా తెల్లగా ఉండాలి, నల్ల చుక్కలు కనబడితే ఇంకా పని ఉన్నట్టే. ఆ గుంటలకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ వాడాను, ఆటోమొబైల్ పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. బ్రష్‌తో పూసి, ఆరిపోకుండా తడిగా ఉంచి, పీచుతో రుద్ది, నీళ్లతో బాగా కడిగి వెంటనే ఆరబెట్టాలి. యాసిడ్ మిగిలిపోతే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా పట్టుకోదు, అందుకని కడగడం దగ్గర బద్ధకం పనికిరాదు. బోల్టులు, తలుపు బందులు, క్లాంపులు, బ్రాకెట్ల లాంటి చిన్న సామాన్లకు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు యాభై నుంచి వంద గ్రాములు కలిపి, ప్లాస్టిక్ బక్కెట్లో రాత్రంతా నానబెడితే పొద్దునకు తుప్పు మెత్తబడి బ్రష్‌కు ఊడి వస్తుంది. తర్వాత వంటసోడా నీళ్లలో ముంచి కడిగి, ఎండలో ఆరబెట్టి అదే రోజు ప్రైమర్ కొట్టేయాలి. ఇది నాకు బాగా నచ్చిన పని, ఎంత తుప్పు పట్టిన బోల్టు అయినా దాని అసలు రూపం బయటికి రావడం చూస్తుంటే ఓపిక పెరుగుతుంది.

చిల్లు పడినదానికి మందు లేదు, కోయాల్సిందే. మంచి రేకు దొరికే దాకా కోయాలి, చిల్లు అంచుదాకా కోస్తే లాభం లేదు, పలచబడిన రేకు మీద వెల్డింగ్ పెడితే ఇంకా పెద్ద చిల్లు పడుతుంది. రేకు ఇరవై గేజి సీఆర్ షీటు కొన్నాం, అంటే పూత లేని నునుపు రేకు, ఇంచుమించు 0.9 మిల్లీమీటర్ల మందం. నాలుగు అడుగులు, ఎనిమిది అడుగుల షీటు ఇరవై కిలోలు దాటుతుంది, రెండు వేల లోపు పడింది, ఈ కారు అంతటికీ అదే సరిపోయి ఇంకా మిగిలింది. తుప్పు పట్టదు కదా అని జీఐ రేకు కొనమని చాలామంది చెప్పారు. దాని మీద జింకు పూత వెల్డింగ్ వేడికి కాలి తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే చలిజ్వరం లాంటిది పట్టుకుంటుంది, అతుకూ సరిగ్గా కుదరదు. పద్మిని తయారీ ఆగి ఇరవై ఏళ్లు పైనే అయింది, బొంబాయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది, ఇక రన్నింగ్ బోర్డు రెడీమేడ్‌గా దొరుకుతుందని కూచుంటే కుదరదు. చెన్నై పుదుపేటలో పాత బండ్లవి దొరకొచ్చు కానీ అవీ తుప్పు పట్టినవే అయితే ఏం లాభం. రేకు వంచుకోవడమే మేలు, రన్నింగ్ బోర్డుకు పెద్ద వంపులు కూడా లేవు.

మేస్త్రీ నేరుగా రేకు కోయలేదు. ఇంట్లో ఉన్న పాత పెళ్లికార్డులన్నీ తెమ్మన్నాడు. మందపాటి అట్ట, చక్కగా వంగుతుంది. వాటిని కోసి, టేపుతో అతికించి, కారు మీద పెట్టి సరిచూసి, సరిగ్గా కుదిరిన తర్వాత రేకు మీద పెట్టి గీత గీశాడు. కార్డు తప్పుపోతే పోయేది ఏమీ లేదు, రేకు తప్పుపోతే డబ్బు. అంచుకు అంచు సరిపోయేలా, మధ్యలో గోరు దూరేంత సందు ఉండేలా కోశాడు.

అంతకంటే ముఖ్యమైన పని కోయకముందే జరిగింది. కారును జాకీ మీద ఒక మూల ఎత్తి రన్నింగ్ బోర్డు కోస్తే బాడీ మధ్యలో కుంగిపోతుంది, తర్వాత తలుపులు జన్మలో సరిగ్గా మూసుకోవు. అందుకని నాలుగు పక్కలా సస్పెన్షన్ ఉండే చోట దిమ్మలు పెట్టి, బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టాం. తలుపు ఊడదీసి, ఆ ఖాళీలో ముందు స్తంభానికీ మధ్య స్తంభానికీ అడ్డంగా ఇనుప యాంగ్లర్ తాత్కాలికంగా వెల్డ్ చేశాడు. తలుపు సందులు కొలిచి రాసిపెట్టుకున్నాం. ఒక పక్క పూర్తిగా అయ్యేదాకా రెండో పక్క ముట్టుకోలేదు, ఆ ఒక్క పక్కన కూడా ఒకేసారి అంతా కోసేయకుండా ముక్కలుగా కోసి ముక్కలుగా అతికాడు. ఇదంతా చూస్తూ ఉంటే ఎందుకింత నిదానం అనిపిస్తుంది, కానీ చివర్లో తలుపు పెట్టి మూసినప్పుడు ఒక్క వేలితో తోస్తే టక్ మని పడింది చూడండి, అప్పుడు తెలిసింది.

వెల్డింగ్ సీఓటూ మెషీనుతో చేయించాం, కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వదులుతూ సన్నని తీగను కరిగించి అతికే మెషీను అది, అద్దెకు తెచ్చి గ్యాసుతో కలిపి మూడున్నర వేలు అయింది. మేస్త్రీ పాతకాలం గ్యాస్ వెల్డింగ్ మనిషి, కానీ ఇంత పలచటి రేకుకు గ్యాస్ మంట పెడితే అలలు అలలుగా వంకర పోతుందని ఆయనే చెప్పాడు. మామూలు కరెంటు వెల్డింగ్ రాడ్డు అయితే చిల్లులే. సీఓటూలో కూడా ఒకే గీతగా లాగలేదు. ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క, మధ్యలో ఒక చుక్క, చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగి మళ్లీ. చుక్కలన్నీ కలిసిపోయేదాకా అలాగే. వేడి ఒకేచోట చేరితే రేకు ఉబ్బుతుంది, ఉబ్బినచోట లప్పం పెట్టాలి, లప్పం తగ్గించడానికే ఇంత తంటా. రేకు మీద రేకు పడే చోట మాత్రం లోపలి వైపు జింకు స్ప్రే కొట్టాకే అతికాడు, ఎందుకంటే తర్వాత ఆ సందులోకి బ్రష్ పోదు.

ప్రైమర్ దగ్గర అందరూ రెడ్ ఆక్సైడ్ కొట్టమంటారు, లీటరు చవక. అది కిటికీ కమ్మీలకు, గేట్లకు వాడేది. దాని మీద కారు పెయింటు కొడితే ఆ థిన్నర్ ఘాటుకు ముడతలు పడి లేచిపోయే అవకాశం ఉంది, తేమను ఆపే శక్తి కూడా ఎపాక్సీకి ఉన్నంత లేదు. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ తెచ్చాను, హార్డెనరుతో కలిపి రెండు వేల పైన అయింది. డబ్బా మీద రాసినట్టే కొలిచి కలపాలి, కలిపాక కాసేపు ఆగమంటే ఆగాలి. కంప్రెసరు లేదని దిగులు పడనక్కర్లేదు, అడుగు భాగాలకు నేను బ్రష్‌తోనే రెండు కోట్లు వేశాను, అది బాగా మందంగా పట్టింది. ప్రైమర్ ఆరాక అతుకులన్నింటి మీద నీళ్లు దూరకుండా రబ్బరులా ఆరే పీయూ సీలెంట్ వేలితో తాపాను. లప్పం పెడితే ఈ ఎపాక్సీ మీదే పెట్టాలి, పచ్చి రేకు మీద కాదు, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. దాన్ని నీళ్లు పోసి రుద్దకుండా పొడిగానే రుద్దాం. నీళ్లు పీల్చే వస్తువును నీళ్లతో తడిపి దాని మీద పెయింటు వేస్తే తడిని మనమే లోపల పెట్టి మూసినట్టు అవుతుంది.

రన్నింగ్ బోర్డు బయట ఎంత ప్రైమర్ కొట్టినా లోపల వెల్డింగ్ చేసినచోట పూత కాలిపోయి పచ్చి రేకు ఉంటుంది, మళ్లీ తుప్పు మొదలయ్యేది అక్కడే. చాలామంది ఇక్కడే పని ఆపేస్తారు. దీనికోసం విదేశాల్లో క్యావిటీ వ్యాక్స్ అని అమ్ముతారు, ఇక్కడ డబ్బాలు చాలా ఖరీదు. నేను బేరింగుల షాపులో ఫ్యాక్టరీలకు అమ్మే రస్ట్ ప్రివెంటివ్ ఆయిల్ తెచ్చాను, ఆరాక మైనంలాంటి పొర మిగిలే రకం, అయిదు లీటర్లు పదిహేను వందలు. చెట్లకు మందు కొట్టే చిన్న చేతిపంపుకు సన్నని పైపు తగిలించి, మేస్త్రీ పెట్టిన రంధ్రాల నుంచి లోపలికి అన్ని వైపులా కొట్టి, రబ్బరు బిరడాలు పెట్టేశాను. తలుపుల లోపల, డిక్కీ అంచుల్లో కూడా కొట్టాను. రెండు రోజులు అడుగు రంధ్రాల నుంచి కారుతూనే ఉంది. అలా కారితేనే మంచిది, అడుగుదాకా చేరినట్టు. ప్రతి ఏడూ వానలకు ముందు, సెప్టెంబరులో, మళ్లీ కొంచెం కొట్టాలి.

పెయింటు చివరి పని. ఏడు వేలు మిగిలాయి, ఏడు వేలకు కారంతా పెయింటు వేయడం కుదరదు. తలుపుల మధ్య గీత నుంచి కింది భాగం మాత్రమే వేయించాను. క్రీము రంగు కావడం కలిసొచ్చింది, మెటాలిక్ అయితే పక్కపక్కన తేడా కొట్టొచ్చినట్టు కనపడేది. పెయింటర్ పెట్రోలు మూత లోపల ఎండ తగలని చోట ఉన్న అసలు రంగు చూసి కలపబోతే, బయట నలభై ఏళ్లు ఎండకు వెలిసిన రంగుకు సరిపోయేలా కలపమన్నాను. పై భాగం రబ్బింగ్ కాంపౌండుతో నేనే రుద్దాను. దగ్గరికి వచ్చి చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది, తెలియనీ. ఈ బండికి ఇప్పుడు నడుము గట్టిగా ఉంది.

రేకు, గ్రైండరు, బ్రష్‌లు, రసాయనాలు, బీడింగు అన్నీ కలిపి నలభై వేలకు కాస్త లోపే తేలింది. ఆర్‌సీ రెన్యువల్ ఖర్చు వేరే. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో ఆరు వందల నుంచి అయిదు వేలకు పెరిగింది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెరిగింది, పాత కారు ఉంచుకునేవాళ్లు అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్లకే, పైగా వాటిని రోజూ తిప్పుకోవడానికి లేదు, మా బండికి వాటితో పనిలేదు. ఇన్‌స్పెక్షన్ రోజు అధికారి వంగి అడుగున చెయ్యి పెట్టి తట్టి చూశారు, ఏమీ అడగలేదు.

మిగిలిన పని ఇంకా ఉంది. ముందు అద్దం బీడింగు మార్చాను, దాని కింద రేకు అంచు కూడా శుభ్రం చేసి ప్రైమర్ కొట్టాం, పైపు పెట్టి మళ్లీ పరీక్ష చేస్తే చుక్క దిగలేదు. వెనక అద్దం బీడింగు కూడా ఎండిపోయింది, అది పుదుపేటలోనో రాయవేలూరులోనో వెతకాలి. కుడివైపు వెనక తలుపు అడుగున రేకు పలచబడింది, నిమ్మ ఉప్పుకు లొంగే దశ దాటిపోయింది. ప్రస్తుతానికి రంధ్రాలు తెరిచి, ఆయిల్ కొట్టి ఉంచాను. సంక్రాంతి అయ్యాక మేస్త్రీ వస్తానన్నాడు, ఇరవై గేజి రేకు ముక్క ఇంట్లోనే ఉంది, పెళ్లికార్డులు మాత్రం ఇంకొన్ని దాచమన్నాడు.